గడియారం తప్పిన కంప్యూటరుకు విండోస్ టైమ్ సర్వీసు: ఏడాది వాడాక

ఒంగోలు నుంచి చీమకుర్తి వెళ్లే దారిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు చూస్తాను. నిరుడు సంక్రాంతికి మెయిన్ ఆపి వెళ్లి, నాలుగు రోజుల తర్వాత వచ్చి కంప్యూటరు వేస్తే తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంది. పలకలు ఎత్తిన లారీ గేటు దగ్గర ఆగి ఉండగా, ఈ-వే బిల్లు సైటు తెరవబోతే మీ గడియారం వెనకబడి ఉందంటూ బ్రౌజరు అడ్డుకుంది. కంప్యూటరు గడియారాన్ని ఇంటర్నెట్‌లోని సర్వరుతో సరిచూసే విండోస్ టైమ్ సర్వీసును, ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్టు నుంచి ఆపి, మళ్లీ నడిపించడం ఆ ఉదయమే నేర్చుకున్నాను.

కమాండ్ ప్రాంప్టును అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి. లేకపోతే ఎర్రర్ 5 అని చూపి అనుమతి నిరాకరిస్తుంది. ‘నెట్ స్టాప్ డబ్ల్యూ32టైమ్’ కొడితే సర్వీసు ఆగుతుంది, ‘నెట్ స్టార్ట్ డబ్ల్యూ32టైమ్’ కొడితే తిరిగి మొదలవుతుంది, ఆపైన ‘డబ్ల్యూ32టీఎమ్ /రీసింక్’ అంటే సర్వరు నుంచి సమయం తెచ్చుకుంటుంది.

ఆ రోజు నాకు మూడో ఆదేశం పారలేదు. మార్చవలసిన తేడా మరీ పెద్దదని జవాబు వచ్చింది. డొమైన్‌లో, అంటే ఆఫీసు సర్వరు అదుపులో నడిచే నెట్‌వర్క్‌లో లేని కంప్యూటర్లలో తేడా 54,000 సెకన్లు, అంటే 15 గంటలు మించితే ఈ సర్వీసు దానంతట అది దిద్దదు. తప్పుడు సర్వరు ఒకటి తేదీని తలకిందులు చేయకుండా పెట్టిన ఈ కట్టడి నాకు సబబుగానే తోచింది. తేదీని, సమయాన్ని చేత్తో సుమారుగా సరిచేసి మళ్లీ రీసింక్ కొట్టగానే సెకన్లతో సహా కుదిరింది. సెట్టింగ్స్‌లోని బటన్ కంటే ఈ పద్ధతే నాకు నచ్చడానికి కారణం, పని జరగనప్పుడు ఎందుకు జరగలేదో చెప్పడం.

‘డబ్ల్యూ32టీఎమ్ /క్వెరీ /స్టేటస్’ కొట్టి సోర్స్ అన్న వరుసను తప్పక చూడండి. అక్కడ ‘లోకల్ సీమాస్ క్లాక్’ అని ఉంటే కంప్యూటరు తన సొంత గడియారాన్నే నమ్ముకుని ఉందన్నమాట. అప్పుడు రౌటరులో సర్వరు నుంచి సమయం వచ్చే దారి, యూడీపీ 123 పోర్టు, మూసి ఉందేమో చూడాలి. టైమ్ జోన్ తప్పుగా ఉంటే మాత్రం ఈ సర్వీసు దిద్దలేదు, ఎందుకంటే సర్వరు పంపేది యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. దానికి అయిదున్నర గంటలు కలిపే పని మన సెట్టింగ్‌ది.

అసలు లోపం, కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపే, మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీది. రూపాయి బిళ్లలాంటి ఆ బ్యాటరీ మార్చాక ఒక రాత్రంతా ప్లగ్ పీకి ఉంచి, తెల్లారి నెట్ కలపకుండానే చూశాను. తేదీ సరిగ్గానే ఉంది.