డ్యూయల్ బూట్ వాడేవాళ్ళు, గేమ్ కీ కొనేముందు ఇది ఒక్కసారి చదవండి

నిన్న రాత్రి రెండున్నర దాకా ఆ చాట్ విండో ముందే కూర్చున్నాను. కోపం ఇంకా తగ్గలేదు, రాసేదాంట్లో వరుస తప్పితే ఏమీ అనుకోకండి. డిస్కౌంట్‌లో గేమ్ కీలు (స్టీమ్ అనే గేముల స్టోర్‌లో కొడితే గేమ్ మన ఖాతాలోకి వచ్చే కోడ్‌లు) అమ్మే ఆ సైట్ ఏదో కొనేవాళ్ళలో చాలామందికి తెలిసే ఉంటుంది. పేరు రాయను.

నా కంప్యూటర్‌లో లినక్స్, విండోస్ అని రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉన్నాయి, ఆన్ చేసేటప్పుడు ఏదో ఒకటి ఎంచుకోవాలి. డ్యూయల్ బూట్ అంటే ఇదే. పనైనా ఆటైనా లినక్స్‌లోనే. విండోస్‌కి 120 జీబీ ఇచ్చి ఒక పక్కన పెట్టాను, నెలకోసారి కూడా తెరవను. తమ్ముడు వేరే ఊళ్ళో ఉంటాడు. శనివారం రాత్రుళ్ళు ఇద్దరం కలిసి ఆడుకుందామని ఒక షూటింగ్ గేమ్ అనుకున్నాం. వాడికి విండోస్, నాకు లినక్స్. ఆ గేమ్‌లో ఒంటరిగా ఆడే కథ కూడా ఉంది, అది నాకు అక్కర్లేదు. వాడితో ఆడటానికే కొన్నాను.

అడగకుండా కొనలేదు. కొనేముందే చాట్‌లో అడిగాను. నేను టైప్ చేసింది అక్షరాలా ఇది: "నాది డ్యూయల్ బూట్. లినక్స్‌లోనే ఆడతాను. ఆన్‌లైన్ మోడ్ లినక్స్‌లో పని చేస్తుందా?" అర నిమిషంలో జవాబు వచ్చింది: "అవును సర్, గేమ్ లినక్స్‌లో పర్ఫెక్ట్‌గా నడుస్తుంది." స్క్రీన్‌షాట్ కూడా తీసి పెట్టుకున్నాను. డబ్బు కట్టాను, "కీ చూపించు" అన్న బటన్ నొక్కాను, స్టీమ్‌లో ఎక్కించాను. డౌన్‌లోడ్ అవుతుంటే తమ్ముడికి మెసేజ్ పెట్టాను, తొమ్మిదింటికల్లా రెడీగా ఉండమని.

గేమ్ తెరుచుకుంది. బొమ్మ అద్భుతంగా ఉంది, ఎక్కడా ఆగలేదు. ఆన్‌లైన్ మీద నొక్కగానే తెర మధ్యలో చిన్న పెట్టె వచ్చింది: యాంటీ చీట్ మొదలుకాలేదు, గేమ్ మూసేస్తున్నాం. అంతే, డెస్క్‌టాప్‌కి వచ్చి పడ్డాను. (యాంటీ చీట్ అంటే ఆన్‌లైన్ ఆటలో మోసం చేసేవాళ్ళని పట్టే ప్రోగ్రామ్.) విండోస్ గేముల్ని లినక్స్‌లో నడిపించే ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ వెర్షన్ మార్చాను. మళ్ళీ అదే. ఇంకోటి మార్చాను, అదే. ఫైళ్ళు వెరిఫై చేశాను, మొత్తం తీసేసి మళ్ళీ వేశాను. అవతల వాడు పది నిమిషాలకోసారి "అన్నా, రూమ్‌లోనే ఉన్నా, వచ్చేశావా?" అని అడుగుతున్నాడు. పదకొండున్నరకి "నువ్వు పడుకోరా" అన్నాను.

ఆ తర్వాత గానీ చదవాల్సింది చదవలేదు. 2018లో స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ ప్రోటాన్ తెచ్చాక విండోస్ గేములు లినక్స్‌లో ఆడటం చాలా తేలికైంది, 2022లో లినక్స్‌తో నడిచే స్టీమ్ డెక్ అనే చేతి గేమ్ మెషిన్ వచ్చాక ఇంకా. ఒంటరిగా ఆడే గేముల్లో నాకు ఇన్నేళ్ళలో పెద్దగా ఇబ్బంది రాలేదు, అదే నన్ను ముంచింది. ఆన్‌లైన్ గేముల లెక్క వేరు. ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్ ఐ అనే రెండు యాంటీ చీట్‌లూ 2021 నుంచి ప్రోటాన్‌లో పని చేయగలవు. కానీ గేమ్ తయారుచేసినవాళ్ళు తమ వైపు నుంచి ఒప్పుకుంటేనే. వాళ్ళు ఒప్పుకోకపోతే మనం ప్రోటాన్ వెర్షన్లు ఎన్ని మార్చినా లాభం లేదు. విండోస్ కెర్నెల్‌లో (సిస్టమ్ లోపలి మూలభాగంలో) తప్ప పని చేయని యాంటీ చీట్‌లైతే ఇక్కడ అసలు నడవవు. పైగా ఇవాళ నడిచింది రేపు నడుస్తుందన్న నమ్మకం కూడా లేదు: ఏపెక్స్ లెజెండ్స్ చాలాకాలం లినక్స్‌లో బాగా నడిచి 2024 అక్టోబర్ చివర్లో ఆగిపోయింది. జీటీఏ ఆన్‌లైన్‌కి అదే ఏడాది సెప్టెంబర్‌లో బ్యాటిల్ ఐ పెట్టాక లినక్స్ వాళ్ళు అందులోకి వెళ్ళలేకపోయారు. ఇదంతా పది నిమిషాల్లో దొరికే సమాచారం. నేను వెతకలేదు, అమ్మేవాడి మాట మీద ఉన్నాను. ఆ తప్పు నాదే.

అర్ధరాత్రి దాటాక మళ్ళీ చాట్ తెరిచాను. జరిగింది మర్యాదగానే రాసి, మొదటి చాట్ స్క్రీన్‌షాట్ పెట్టి, డబ్బు వెనక్కి ఇమ్మన్నాను. ముందు "కీ చూశారు కాబట్టి రీఫండ్ కుదరదు" అన్నారు. మీరు చెప్పిన మాట నమ్మే చూశానని రాశాను. అవతల మూడు చుక్కలు కదులుతూ కదులుతూ ఆగిపోయాయి, మళ్ళీ కదిలాయి. నాలుగు నిమిషాలకి ఇది వచ్చింది:

"సర్, గేమ్ నడుస్తుందని చెప్పాం. గేమ్ నడుస్తోంది కదా. ఆన్‌లైన్ కావాలంటే మీ సిస్టమ్‌లో విండోస్ ఉందని మీరే చెప్పారు. అందులో ఆడుకోండి."

అప్పుడు వెనక్కి వెళ్ళి మొదటి జవాబు మళ్ళీ చదివాను. "గేమ్ లినక్స్‌లో పర్ఫెక్ట్‌గా నడుస్తుంది." నేను అడిగింది ఆన్‌లైన్ గురించి, వాళ్ళ జవాబులో ఆ మాటే లేదు. "అవును సర్" అని మొదలుపెట్టి, నా ప్రశ్న వదిలేసి వేరేదానికి జవాబిచ్చారు. నేను నా ప్రశ్నని వాళ్ళ జవాబులో కలిపేసుకుని చదువుకున్నాను. ఇక డ్యూయల్ బూట్ సంగతి, వాళ్ళకి పూర్తి వివరం ఇస్తే సరైన జవాబు వస్తుందని నేనే చెప్పాను. ఎవరూ అడగలేదు. దాన్నే నా మీదకి తిప్పారు. నేను ఇంకా టైప్ చేస్తుండగానే "చాట్ ముగిసింది" అని వచ్చింది. దాని కింద ఐదు నక్షత్రాలు, మా సేవ ఎలా ఉందో చెప్పండి అని. డబ్బు పోయినందుకన్నా నా మాట మధ్యలో కోసేసినందుకే నాకు ఎక్కువ మండింది.

"విండోస్ ఉందిగా, ఆడుకోవచ్చుగా" అని మీలో కొందరికీ అనిపించొచ్చు. డబ్బు ఎలాగూ పోయింది కదా అని ఇవాళ పొద్దున ఆ ప్రయత్నం కూడా చేశాను. గేమ్‌కి 95 జీబీ కావాలి, విండోస్‌లో ఖాళీ 38. లినక్స్ పార్టిషన్ కుదించి చోటు చేశాను, దానికే రెండు గంటలు. గేమ్ తెరిస్తే సెక్యూర్ బూట్ (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు డిజిటల్ సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే లోడ్ కానిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉండాలంది. లినక్స్‌లో ఎన్‌విడియా గ్రాఫిక్స్ డ్రైవర్ కోసం ఎప్పుడో ఆపేశాను దాన్ని. ఆన్ చేసి రీస్టార్ట్ చేస్తే నీలం తెర మీద, విండోస్ డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ అడిగింది. 48 అంకెలు. ఆ కీ నా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉండబట్టి సరిపోయింది, లేకపోతే ఆ డిస్క్ తెరవడానికి నానా తిప్పలూ పడాల్సి వచ్చేది. ఫోన్‌లో చూస్తూ ఒక్కో అంకె కొడుతుంటే చేతులు వణికాయి. అంతా అయ్యాక లినక్స్‌లోకి వస్తే డిజిటల్ సంతకం లేని ఎన్‌విడియా మాడ్యూల్‌ని (ఆ డ్రైవర్ భాగమే) సెక్యూర్ బూట్ లోడ్ కానివ్వలేదు, తెర పాత కంప్యూటర్‌లా సాగిపోయి కనిపించింది. మాడ్యూల్‌కి సంతకం చేసుకుంటే సరిపోతుందని తెలుసు, ఆ పని ఇంకా కాలేదు. ఒక్క ముక్కలో "అందులో ఆడుకోండి" అన్నారే, దాని వెనక ఇంత ఉంది.

కొనేముందు చేయాల్సినవి చెప్పేస్తాను. ఏ గేమ్ లినక్స్‌లో ఎలా నడుస్తుందో ఆడినవాళ్ళు రాసే ప్రోటాన్‌డీబీ సైట్‌లో ప్లాటినమ్, గోల్డ్ అని రంగు చూసి ఆగిపోకండి, కింద జనం రాసినవాటిలో ఆన్‌లైన్ గురించి ఏమన్నారో చూడండి. ఏ యాంటీ చీట్ వాడారో, దాన్ని లినక్స్‌కి ఒప్పుకున్నారో లేదో "ఆర్ వి యాంటీ చీట్ యెట్" సైట్‌లో ఉంటుంది. ఆన్‌లైన్ ఆటే ముఖ్యమైతే, యాంటీ చీట్ లినక్స్‌ని రానివ్వకపోతే, అది విండోస్ గేమ్ అనే లెక్కేసుకోండి. అప్పుడు సెక్యూర్ బూట్, ఖాళీ చోటు ముందే చూసుకుని, ఏదీ కదిలించకముందే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. అనుమానం ఉన్న గేమ్ నేరుగా స్టీమ్‌లోనే కొనండి. 14 రోజుల లోపు, రెండు గంటల లోపే ఆడి ఉంటే అడిగితే డబ్బు వెనక్కి ఇస్తారు. బయట కొన్న కీకి స్టీమ్ డబ్బివ్వదు. అమ్మేవాళ్ళని అడగాల్సి వస్తే ఆన్‌లైన్ అనే మాట వాళ్ళ జవాబులో వచ్చేదాకా కార్డు తీయకండి, మీ దగ్గర విండోస్ కూడా ఉందని చెప్పకండి.

రెండు చాట్‌ల స్క్రీన్‌షాట్‌లూ జతచేసి బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టాను. ఏమవుతుందో తెలిశాక ఇక్కడే కింద రాస్తాను. ఈ శనివారానికి తమ్ముడూ నేనూ లినక్స్‌లో నడిచే వేరే ఆట చూసుకుంటున్నాం, ఈసారి యాంటీ చీట్ సంగతి వాడే ముందు వెతికి పంపాడు.