టాటా ఏస్‌కు వెడల్పు టైర్లు: ఆటోనగర్‌లో చేయించిన కమాన్ కట్టల పని

మా టాటా ఏస్‌కు 145 ఆర్12 టైర్ల స్థానంలో 165 ఆర్12 టైర్లు (మొదటి అంకె మిల్లీమీటర్లలో టైరు వెడల్పు) వేయించడం కోసం విజయవాడ ఆటోనగర్‌లోని ఒక చిన్న వర్క్‌షాపులో వెనుక కమాన్ కట్టల (బండి బరువు మోసే, వంపు తిరిగిన ఉక్కు పట్టీల స్ప్రింగుల) పని చేయించాను. టైరు వెడల్పు 20 మిల్లీమీటర్లు పెరిగితే అందులో సగం లోపలివైపుకే వస్తుంది. టైరు ఎత్తు కూడా పెరుగుతుంది కనుక, లోడు మీద గుంతలో పడినప్పుడు అది తొట్టి అడుగును రాసుకునే ప్రమాదం ఉంటుంది. అందుకే మేస్త్రీ ముందుగా బండిలో ఇసుక బస్తాలు వేయించి, ఒక వెనుక చక్రాన్ని దిమ్మె మీదికి ఎక్కించి, టైరుకూ కట్టకూ మధ్య ఎంత సందు మిగిలిందో వేళ్లు దూర్చి చూశాడు. ఈ ఒక్క పరీక్షతోనే ఆయన పనితనం మీద నాకు గురి కుదిరింది. వంపు తగ్గిన పట్టీలను సరిచేసి, బుష్‌లు, కట్టలను ఇరుసుకు బిగించే యూ బోల్టులు కొత్తవి వేశాడు. చక్రాన్ని బయటికి జరిపే స్పేసర్లు వేయమని అడిగితే బేరింగుల మీద భారం పెరుగుతుందని ఒప్పుకోలేదు; అది సరైన నిర్ణయం.

లోపం ఒకటుంది. కొంత దూరం తిరిగాక యూ బోల్టులను మళ్లీ బిగించుకోవాలని వాళ్లు చెప్పలేదు, అది చాలా ముఖ్యమైన విషయం. టైరు పెద్దదైనందున స్పీడోమీటరు ఇప్పుడు అసలు వేగం కంటే తక్కువ చూపుతోంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పులకు హద్దులు పెట్టింది కాబట్టి, పని మొదలుపెట్టే ముందే రవాణా కార్యాలయంలో విచారించుకోవాలి. టైరు వెడల్పయినంత మాత్రాన ఆర్‌సీలో ఉన్న బరువుకు మించి వేయకూడదు.