జాగ్రత్త: ‘ఫుల్ సర్వీస్’ అని అమ్మే పాత స్టీరియో రిసీవర్‌కు మంచి స్పీకర్లు వెంటనే తగిలించకండి

పాత రిసీవర్ (రేడియో, యాంప్లిఫైయర్ కలిసిన పెట్టె), దానికి తోడు చిన్న స్పీకర్ల జత కలిపి అమ్మే సెట్లు కొనాలనుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. "కెపాసిటర్లన్నీ మార్చాం, ప్లగ్ పెట్టి వినడమే" అని అమ్మిన ఒక సెట్‌లో కొద్ది రోజులకే కుడి వైపు వూఫర్ (మంద్ర శబ్దాలు పలికే భాగం) మాడిపోయింది. అమ్మినవాళ్ల జవాబు: స్పీకర్ బలహీనమైనది, ఎక్కువ సౌండ్ పెట్టి ఉంటారు అని. రిసీవర్ మూత తీస్తే అసలు కారణం బయటపడింది. స్పీకర్ ప్రొటెక్షన్ రిలే (లోపం వస్తే స్పీకర్‌ను తెంచేసే స్విచ్) కాళ్ల మధ్య తీగ ముక్కలు సోల్డర్ చేసి, రిలే ఉన్నా లేనట్టే చేశారు. ఆ ఛానల్‌లో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయినప్పుడు కరెంటును ఆపేదేదీ మిగల్లేదు.

ఈ తీగ ఎందుకు వేస్తారంటే, రిలే కాంటాక్టులు నల్లబడితే ఒక వైపు శబ్దం వచ్చిపోతూ ఉంటుంది. కొత్త రిలే వెతికే ఓపిక లేనివాళ్లకు ఇది రెండు నిమిషాల పని. ఇంకా ఘోరం ఏమిటంటే, లోపల డీసీ లోపం (స్పీకర్‌కు ఒకే దిశ కరెంటు వెళ్లే లోపం) ఉండి రిలే పట్టకపోతే, ఆ లోపాన్ని వెతకకుండా ఇదే పని చేసేవాళ్లూ ఉన్నారు.

నష్టం ఎంతో లెక్క చూడండి. 1970ల రిసీవర్లలో చాలావాటికి అవుట్‌పుట్ నేరుగా స్పీకర్‌కు వెళ్తుంది, మధ్యలో కెపాసిటర్ ఉండదు. సప్లై ప్లస్ 40, మైనస్ 40 వోల్టులు అనుకుందాం. 8 ఓమ్‌ల స్పీకర్ డీసీ నిరోధం సుమారు 6 ఓమ్‌లు. ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే 6 ఆంపియర్లకు పైగా కరెంటు, అంటే 250 వాట్లకు పైగా వేడి, ఒక్క వాయిస్ కాయిల్ (స్పీకర్ కోన్‌ను కదిపే తీగచుట్ట) మీద పడుతుంది. కోన్ ఒక వైపుకు వెళ్లి బిగుసుకుపోతుంది కాబట్టి కాయిల్‌కు గాలి కూడా ఆడదు. చిన్న స్పీకర్ల సన్నటి కాయిల్ దీన్ని కొన్ని సెకన్లకు మించి తట్టుకోలేదు.

అందుకే స్పీకర్లు తగిలించకుండానే పరీక్ష మొదలుపెట్టండి. స్విచ్ వేశాక కొన్ని సెకన్లు ఆగి లోపల ‘టిక్’ మని వినపడాలి. ఆ మోడల్‌లో రిలే ఉన్నట్టు సర్వీస్ మాన్యువల్ చెబుతోంది, కానీ టిక్ రాలేదు అనుకోండి. హెడ్‌ఫోన్‌లో కాదు, స్పీకర్ టెర్మినల్స్‌లోనే సిగ్నల్ వెంటనే వస్తోంది. అలాంటి సెట్ వద్దు. అన్ని మోడళ్లలో రిలే ఉండదు, ముఖ్యంగా పాతవాటిలో. కాబట్టి మాన్యువల్ చూడకుండా తీర్పు చెప్పకండి.

తరువాత డీసీ ఆఫ్‌సెట్ కొలవాలి, అంటే శబ్దం లేనప్పుడు కూడా స్పీకర్ టెర్మినల్స్‌లో ఉండే డీసీ వోల్టేజీ. మల్టీమీటర్‌ను ముందు 20 వోల్టుల డీసీ రేంజ్‌లో, ఆపైన మిల్లీవోల్టుల రేంజ్‌లో పెట్టండి. వాల్యూమ్ సున్నా, సెలెక్టర్ ఆక్స్, స్పీకర్ ‘ఏ’ ఆన్. ఎర్ర ప్రోబ్ ప్లస్ టెర్మినల్‌కు, నల్లది మైనస్‌కు. పది నిమిషాలు వేడెక్కాక రెండు ఛానళ్లూ చూడాలి. 20 మిల్లీవోల్టుల లోపు ఉంటే చాలా బాగుంది, 50 వరకు ఫర్వాలేదు, 100 దాటితే స్పీకర్ తగిలించకండి. వోల్టుల్లో చూపిస్తే వెంటనే ఆపేయండి. అంకె ఒకచోట నిలవకుండా ఎగిరెగిరి పడుతుంటే ట్రిమ్మర్ (సర్దుబాటు చేసే చిన్న రెసిస్టర్) తుప్పు పట్టి ఉండొచ్చు, లేదా ముందు దశలోని ట్రాన్సిస్టర్ల జత చెడి ఉండొచ్చు. 2ఎస్ఏ726 అనే ట్రాన్సిస్టర్ ఈ విషయంలో పేరుమోసిన దోషి.

చాలాకాలం వాడకుండా మూలన పడున్న సెట్ అయితే మొదటిసారి 100 వాట్ల ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో పెట్టి కరెంటు ఇవ్వండి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే సరే, నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉంది. ఎల్ఈడీ బల్బు ఈ పనికి పనికిరాదు. బల్బు ఉండగా వోల్టేజీ తక్కువగా అందుతుంది, అప్పుడు రిలే పట్టకపోయినా కంగారు పడక్కర్లేదు.

నీలి వెలుగుల డయల్ ఫొటో చూసి మనసు పారేసుకోవడం సహజమే, మరాంట్జ్ 2270 ముఖం చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ అడగాల్సింది బోర్డు అడుగు భాగం ఫొటో, అందులోనూ రిలే ఉన్న చోటు. ఫ్యూజుల మీది అంకె బోర్డు మీద అచ్చు వేసిన అంకెతో సరిపోవాలి. రెండు పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లు మాత్రమే కొత్తగా మెరుస్తుంటే ‘అన్నీ మార్చాం’ అన్న మాట అబద్ధం. కొత్తవి పాతవాటికంటే చిన్నగా ఉండటం మాత్రం తప్పు కాదు, వోల్టేజీ రేటింగ్ తగ్గకుండా ఉంటే చాలు. అన్నిటికంటే పదునైన ప్రశ్న ఒకటుంది: ఏ ఛానల్‌కు ఆఫ్‌సెట్ ఎంత, బయాస్ (శబ్దం లేనప్పుడు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కరెంటు) ఎంత పెట్టారు? నిజంగా పనిచేసినవాళ్లు అంకెలు వెంటనే చెబుతారు.

జపాన్ దేశీయ మోడల్ 100 వోల్టులది. దాన్ని 120 మీద నడిపితే లోపలి సప్లై ఐదో వంతు పెరుగుతుంది, 230 మీద పెడితే ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. అప్పటి ఆ మోడళ్ల ఎఫ్ఎం డయల్ 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే ఉంటుంది.

స్పీకర్ల సంగతికొస్తే, ఫోమ్ సరౌండ్‌ను (కోన్ అంచు చుట్టూ ఉండే మెత్తటి పట్టీని) వేలితో మెల్లగా తాకి చూడండి, జిగటగా ఉన్నా పొడిలా రాలినా దాని ఆయుష్షు అయిపోయినట్టే. కోన్‌ను రెండు పక్కలా సమానంగా నొక్కినప్పుడు గీరుకునే శబ్దం రాకూడదు. జతలో రెండింటి నిరోధం దాదాపు ఒకేలా ఉండాలి. బీబీసీ రూపొందించిన ఎల్ఎస్3/5ఏ అనే చిన్న స్పీకర్ లాంటివాటిలో ఈ కొలత తప్పనిసరి, ఎందుకంటే మొదటివి 15 ఓమ్‌లవి, 1987 తరువాతివి 11 ఓమ్‌లవి. రెండు రకాలను కలిపి జత అని అమ్మితే ఎడమ కుడి శబ్దం ఒకేలా ఉండదు.

సెట్ చేతికొచ్చాక మీటర్ రీడింగ్ కనపడేలా వీడియో తీసి పెట్టుకోండి, వాపసు అడగాల్సివస్తే అదే సాక్ష్యం. మూత తీయాలంటే ప్లగ్ పీకి, ఫిల్టర్ కెపాసిటర్ల మీద వోల్టేజీ ఒకటి రెండు వోల్టులకు దిగిందని మీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టండి. కొలతలన్నీ బాగున్నా మొదటి కొన్ని గంటలు పోయినా బాధలేని స్పీకర్ల మీదే నడపండి.