యూనివర్సిటీ పేరు యూజీసీ జాబితాలో ఉంటే చాలనుకోకండి, నేను అలాగే మోసపోయాను

డిస్టెన్స్‌లో డిగ్రీ కట్టాలనుకునేవాళ్లు, ముఖ్యంగా వేరే రాష్ట్రం యూనివర్సిటీ పేరుతో మన ఊళ్లో స్టడీ సెంటర్ నడిపేవాళ్ల దగ్గర చేరబోతున్నవాళ్లు, డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. నాకు మూడేళ్ల చదువు, 54,000 రూపాయలు, చేతిదాకా వచ్చిన ఉద్యోగం పోయాయి.

2019లో, పాపకి రెండేళ్లు నిండాక, పెళ్లితో ఆగిపోయిన చదువు పూర్తి చేద్దామని ఖమ్మంలో ఒక అకాడమీకి వెళ్లాను. యూనివర్సిటీ వేరే రాష్ట్రానిది, ప్రైవేటుది. నేనేం వాళ్లు చెప్పింది విని వెంటనే చేరిపోలేదు. యూనివర్సిటీలని పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ జాబితాలో ఆ పేరుందో లేదో చూసుకున్నాను, ఉంది. నకిలీ యూనివర్సిటీల జాబితా కూడా చూశాను, అందులో లేదు. పైగా అకాడమీ గోడకి యూజీసీ లెటర్ అద్దాల ఫ్రేమ్‌లో పెట్టి ఉంది. ఇంకేం కావాలనిపించి బీకాంలో చేరాను, ఏడాదికి 18,000.

నేను చూసిన జాబితా నిజమైనదే, కానీ చూడాల్సింది అది కాదు. అందులో పేరుంటే ఆ యూనివర్సిటీకి డిగ్రీలిచ్చే హక్కు ఉందని మాత్రమే. దూరవిద్యలో ఇవ్వాలంటే విడిగా అనుమతి ఉండాలి. 2013 దాకా ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ ఓపెన్ యూనివర్సిటీ) కింద డిస్టెన్స్ ఎడ్యుకేషన్ కౌన్సిల్ అని ఒకటి ఉండేది, తర్వాత ఆ పని యూజీసీకి వచ్చింది, ఇప్పుడు అందులోని డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో (డీఈబీ) చూస్తోంది. ఆ అనుమతి యూనివర్సిటీ మొత్తానికి ఒకేసారి ఇచ్చేది కాదండీ. ఏ కోర్సుకి, ఏ ఏడాది అడ్మిషన్లకి అని ఉంటుంది. ఎంబీఏకి ఉండి బీకాంకి లేకపోవచ్చు, నిరుడు ఉండి ఈ ఏడు లేకపోవచ్చు. మీరు చేరిన సెషన్‌లో మీ కోర్సుకి ఉందా లేదా అన్నదే లెక్క.

2024లో ఒక ప్రభుత్వ ఉద్యోగానికి సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కి పిలిచారు. అక్కడున్న సార్ నా మెమోలు తిరగేసి "క్లాసులు, పరీక్షలు ఎక్కడమ్మా?" అన్నారు. ఖమ్మంలోనే సార్ అన్నాను. ఆయన పెన్ను పక్కన పెట్టేసి, రాష్ట్ర యూనివర్సిటీ అయినా ప్రైవేటుదైనా తన రాష్ట్రం దాటి దూరవిద్య సెంటర్ పెట్టకూడదని, ఫ్రాంచైజీ ఇవ్వడమే నిషేధమని, 2019 అనుమతి కాగితం ఉంటే తెమ్మని చెప్పారు. నా వెనక లైన్లో ఉన్నవాళ్లంతా వింటున్నారు.

తిన్నగా అకాడమీకి వెళ్లాను. ఆ ఫ్రేమ్ అక్కడే ఉంది. దగ్గరికెళ్లి చూస్తే కింద మూలన, చెక్క అంచుకి ఆనుకుని, ఇది రెండు పేజీల్లో మొదటిదని చిన్న అక్షరాల్లో ఉంది. రెండో పేజీ అడిగితే హెడ్డాఫీసులో ఉందన్నారు. చివరికి ఆ లెటర్ మొత్తం యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనే దొరికింది. రెండో పేజీలో ఉన్న మాట ఒకటే, ఈ అనుమతి 2014-15 విద్యా సంవత్సరానికి మాత్రమే అని. ఇంటికొచ్చి రశీదులు తీసి చూస్తే మూడింటి మీదా అకాడమీ రబ్బరు స్టాంపే, యూనివర్సిటీ పేరు ఎక్కడా లేదు. అది అప్పుడే నా కంటపడాల్సింది.

అందుకే చెప్తున్నాను, డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో వెబ్‌సైట్‌లోకి మీరే వెళ్లి, మీరు చేరే సెషన్ ఎంచుకుని, యూనివర్సిటీ పేరు కింద మీ కోర్సు కనిపిస్తేనే ముందుకెళ్లండి. ఆ పేజీని ఆ రోజే ఫోన్‌లో దాచుకోండి. ఇప్పుడు చేరాలంటే డీఈబీ ఐడీ కూడా ఉండాలి, అది విద్యార్థే చేసుకోవాలి. "అదంతా మేం చూసుకుంటాం, మీ ఆధార్, ఓటీపీ చెప్పండి" అనేవాళ్లకి ఇవ్వకండి. ఫీజు యూనివర్సిటీ ఖాతాకే కట్టండి, ఎవరి ఫోన్‌పే నంబరుకో కాదు. సెంటర్ వాళ్లు "ఇది ఆన్‌లైన్ డిగ్రీ, రాష్ట్రం హద్దు వర్తించదు" అనొచ్చు. ఆన్‌లైన్‌కి ఆ హద్దు లేని మాట నిజమే, కానీ దానికి అనుమతుల జాబితా వేరు, అందులోనూ కోర్సు పేరు వెతకాల్సిందే. ఇంజినీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, లా డిగ్రీలు డిస్టెన్స్‌లో ఇస్తామన్నా, పీహెచ్‌డీ ఇస్తామన్నా మాట్లాడకుండా వచ్చేయండి. "వన్ సిట్టింగ్ డిగ్రీ" (మూడేళ్ల డిగ్రీ ఒకేసారి), పాత తేదీలతో మెమోలు అనేవాళ్ల గడప అసలు తొక్కొద్దు.

దూరవిద్య అంటేనే పనికిరాదని నేననడం లేదు. సరైన గుర్తింపు ఉన్న డిస్టెన్స్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీయే 2022లో ప్రకటించింది. నేను ఇప్పుడు అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో మళ్లీ మొదటి సంవత్సరం నుంచి చదువుతున్నాను. 1982లో మన దగ్గరే పెట్టిన, దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ అది. ఇంటి పక్కన దాన్ని పెట్టుకుని ఎక్కడో ఉన్నదాని వెంట పడ్డానని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఖమ్మంలో ఇలాంటి సెంటర్లలో 2019, 2020లో చేరినవాళ్లు ఎవరైనా ఉంటే రశీదులు, మెమోలు, హాల్‌టికెట్లు పారేయకండి. పోలీసులకి ఫిర్యాదు రాస్తున్నాను, నాతో పాటు సంతకం పెట్టేవాళ్లు ఉంటే చెప్పండి.