బెంగళూరు ఎస్పీ రోడ్డులో పాత ల్యాప్‌టాప్ కొనేవాళ్లు బ్రాకెట్‌లో అంకె కూడా చదవండి

ఇప్పుడే అక్కడినుంచి వచ్చాను, ఒళ్లు మండిపోతోంది. మెట్లెక్కి వెళ్లే సెకండ్ హ్యాండ్ షాపులు ఉంటాయి కదా, వాటిలో ఒకటి. పేరు రాయను, అటు తిరిగేవాళ్లకి అర్థమవుతుంది.

తమ్ముడి కోర్సు కోసం పోయిన శనివారం 16,500 పెట్టి కొన్నాను. ఐ5, 8 జీబీ ర్యామ్, "విండోస్ 11 కూడా ఎక్కుతుందన్నా" అన్నాడు. మాది అనంతపురం అనగానే "మాది హిందూపురమే, మనోళ్లని మోసం చేస్తానా" అని టీ తెప్పించాడు. బెంగళూరులో అంత ఖరీదైన టీ ఇంకెవరూ తాగి ఉండరు.

ఇంటికొచ్చాక ఆండ్రాయిడ్ స్టూడియో (యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఎక్కనే లేదు. క్రోమ్‌లో నాలుగు ట్యాబులకే బిగుసుకుపోతోంది. సెట్టింగ్స్‌లో అబౌట్ తెరిస్తే ర్యామ్ 8.00 జీబీ, పక్కన బ్రాకెట్‌లో 2.91 జీబీ యూజబుల్, అంటే వాడుకోగలిగేది అంతే. కింద 32-బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64 ప్రాసెసర్ అని ఉంది. 64-బిట్ ప్రాసెసర్ మీద 32-బిట్ విండోస్ 10 వేసి అంటగట్టాడన్నమాట. దానికి 4 జీబీ దాటి వాడుకోవడం రాదు, అందులోనూ గ్రాఫిక్స్ వగైరాల వాటా పోగా మిగిలింది అంతే. మిగతా 5 జీబీ ఖాళీగా కూర్చుంది. షాపులో ఇదే స్క్రీన్ చూపించాడండీ! 8 కనబడగానే తలూపేశాను. పక్కన బ్రాకెట్ చదవడానికి నాకేం రోగం?

పొరపాటేమోలే అని ఈరోజు పట్టుకెళ్లా. నన్ను చూసి "తెలుగు బరల్ల సార్" అన్నాడు కన్నడలో! శనివారం హిందూపురం, మంగళవారానికి తెలుగే రాదు. 64-బిట్ వేయాలంటే 1,500 అట. మరి విండోస్ 11? "ఈ ప్రాసెసర్‌కి రాదు, నువ్వు సరిగ్గా అడగలేదు" అని ఇంగ్లీషులో దబాయింపు. చూస్తే ఐ5-6200యూ, అంటే ఆరో తరం. 11కి ఇంటెల్‌లో మామూలుగా ఎనిమిదో తరం నుంచే లెక్క. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తోనే ఆగిపోయాయి. డబ్బు వాపసు అంటే నవ్వాడు. బిల్లు చిత్తుకాగితం మీద రాయించుకున్న ఘనుణ్ణి, ఏం మాట్లాడతాను?

మెట్లు దిగుతుంటే పైనుంచి వినబడింది: "అన్నా, మీదే ఊరు?"

డబ్బులిచ్చేముందు ఆ అబౌట్ పేజీ మొత్తం చదవండి, ప్రాసెసర్ నంబర్ ఫోన్‌లో వెతకండి, ముద్రించిన బిల్లు అడగండి. 32-బిట్ విండోస్ నుంచి 64-బిట్‌కి అప్‌గ్రేడ్ కుదరదు, మొత్తం తుడిచి కొత్తగా వేయాల్సిందే. మారతహళ్లి వైపు ఎవరి దగ్గరైనా 64-బిట్ విండోస్ ఎక్కించే పెన్ డ్రైవ్ రెడీగా ఉంటే చెప్పండి, తమ్ముడికి సోమవారం క్లాసు.