పవర్‌ఎడ్జ్ సర్వర్‌లో లినక్స్: ఓపెన్‌మేనేజా, ఐపీఎంఐటూలా?

డెల్ పవర్‌ఎడ్జ్ మెషిన్‌లో లినక్స్ వేశాక ఫ్యాన్లు, ఉష్ణోగ్రత, పవర్ సప్లై ఎలా ఉన్నాయో చూడటానికి ఐపీఎంఐటూల్, డెల్ ఓపెన్‌మేనేజ్ అని రెండు దారులున్నాయి.

ఐపీఎంఐటూల్ అనేది హార్డ్‌వేర్ స్థితిని చూపే కమాండ్, చాలా తేలిక. డెబియన్, ఉబుంటు, రెడ్ హ్యాట్ రిపాజిటరీల్లోనే (సాఫ్ట్‌వేర్ భండారాల్లోనే) దొరుకుతుంది, ఒక్క కమాండ్‌తో ఇన్‌స్టాల్ అవుతుంది. డివైజ్ కనబడలేదని ఎర్రర్ వస్తే ముందుగా ఐపీఎంఐ కెర్నల్ మాడ్యూళ్లు (లినక్స్‌లోని డ్రైవర్లు) లోడయ్యాయో లేదో చూడండి. ఐపీఎంఐ అన్నది 1998లో ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్ఈసీ కలిసి సర్వర్ హార్డ్‌వేర్‌ను గమనించడానికి తెచ్చిన ప్రమాణం కాబట్టి వేరే కంపెనీ సర్వర్లలోనూ ఇదే కమాండ్ పనిచేస్తుంది.

డెల్ వారి ఓపెన్‌మేనేజ్ సర్వర్ అడ్మినిస్ట్రేటర్ బరువైనది. డెల్ రిపాజిటరీని కలపాలి, దాని జీపీజీ కీని (ప్యాకేజీలు అసలైనవేనని సరిచూసే కీ) నమోదు చేయాలి, ఆపై సర్వీసులు మొదలుపెట్టాలి. బ్రౌజర్‌లో చూడాలంటే ఫైర్‌వాల్‌లో 1311 పోర్టు తెరవాలి. దీన్ని ఆఫీసు నెట్‌వర్క్ వరకే ఉంచండి, ఇంటర్నెట్‌కు వదలొద్దు. మీ లినక్స్ వెర్షన్ డెల్ జాబితాలో లేకపోతే డిపెండెన్సీలతో (దానికి అవసరమైన ఇతర ప్యాకేజీలతో) తలనొప్పి తప్పదు.

అయినా డిస్కుల విషయంలో నా ఓటు ఓపెన్‌మేనేజ్‌కే. రెయిడ్ కంట్రోలర్ (పలు డిస్కులను కలిపి నడిపే కార్డు) వెనకున్న ఏ డిస్క్ పాడవబోతోందో, రీబిల్డ్ (మార్చిన డిస్కులోకి డేటాను మళ్లీ నింపడం) ఎంతవరకు వచ్చిందో ఓపెన్‌మేనేజ్‌లోని ఓఎంరిపోర్ట్ కమాండ్ విడివిడిగా చెబుతుంది. ఐపీఎంఐటూల్ నుంచి అంత వివరం రాదు. డేటా పోతే తిరిగి రాదు కదా, ఆ హెచ్చరిక కోసం ఇన్‌స్టాలేషన్ శ్రమ పడొచ్చు. డిస్కులను వేరే పద్ధతిలో గమనిస్తున్నవారికి మాత్రం ఐపీఎంఐటూల్ చాలు.