పసుపు రాసినట్టున్న అరచేతులు, మా వీధి పిల్లల క్లినిక్

మా పాపకి 14 నెలలు. స్నానం చేయిస్తూ మా అత్తయ్య గమనించారు, అరచేతులూ అరికాళ్ళూ పసుపు రాసినట్టున్నాయని. పక్కింటి పిన్నిగారు చూసి "కామెర్లే, ఇంకేం ఆలోచించకు, పసరు పోయించు" అన్నారు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఒక ల్యాబ్‌కి వెళ్తే, డాక్టర్ చీటీ అడక్కుండానే లివర్ ప్యాకేజీ చేయించుకోమన్నారు, 2,400 రూపాయలు. పాపని ఎత్తుకుని బయటికొచ్చేసి, తెనాలిలో మా వీధి చివరున్న క్లినిక్‌కి వెళ్ళాను.

ఫీజు 400. గంటన్నర కూర్చోబెట్టారు. అంతమందికీ ఒకటే ఫ్యాను, పాలు పట్టుకోవడానికి కాస్త చాటు కూడా లేదు. ఒక స్టార్ అక్కడే తీసేశాను.

డాక్టరమ్మ ట్యూబులైటు కింద చూడలేదు. పాపని కిటికీ దగ్గరికి తెమ్మని, పగటి వెలుతురులో కళ్ళు చూశారు. తెల్లగుడ్డు తెల్లగానే ఉంది. మూత్రం ముదురు రంగులో వస్తోందా, దొడ్డికి తెల్లగా వెళ్తోందా అని అడిగారు. రెండూ లేవు. "రోజూ ఏం పెడుతున్నారమ్మా?" అంటే అత్తయ్య గర్వంగా చెప్పారు: పొద్దున క్యారెట్, మధ్యాహ్నం గుమ్మడికాయ, సాయంత్రం బొప్పాయి. డాక్టరమ్మ నవ్వేశారు. వాటిలోని కెరోటిన్ అనే రంగు పదార్థం ఎక్కువైతే చర్మం ఇలాగే పచ్చబడుతుందట, ప్రమాదమేమీ లేదట. కామెర్లయితే కళ్ళు కూడా పచ్చబడేవి.

అయితే కింది రెప్ప లోపల ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి ఉంది. అది నేనెప్పుడూ చూడనేలేదు. రెండే పరీక్షలు రాశారు. కామెర్లుంటే పెరిగే బిలిరుబిన్ 0.4, మామూలే. హిమోగ్లోబిన్ 9.6, ఈ వయసుకి 11 అయినా ఉండాలి. రక్తం తక్కువైన పిల్లలు కూడా పాలిపోయి పచ్చగా కనిపిస్తారట. కారణం మేమే: అన్నం తినకపోతే పాలు, ఏడిస్తే పాలు, రోజుకి దాదాపు లీటరు గేదె పాలు. రక్తం పట్టడానికి కావాల్సిన ఐరన్ పాలలో చాలా తక్కువట. అర లీటరు దాటనివ్వద్దని, ఐరన్ చుక్కలు పాలతో కలపకుండా వెయ్యమని చెప్పారు. దొడ్డి నల్లగా వస్తే భయపడొద్దని ముందే చెప్పడం వల్ల మరోసారి పరిగెత్తే పని తప్పింది.

ఆరు వారాలైంది. అరచేతులు మామూలు రంగుకొచ్చాయి, అరికాళ్ళలో ఇంకా కొంచెం పసుపుంది. పిన్నిగారు మాత్రం ఇప్పటికీ పసరు సంగతే ఎత్తుతున్నారు. వెళ్ళేవాళ్ళు తొమ్మిదికల్లా టోకెన్ తీసుకోండి, విసనకర్ర కూడా పట్టుకెళ్ళండి.